వరద కోసం కట్టిన మట్టికట్టలో నీళ్లు నిలుపుకోవచ్చా? కట్ట కింద చెమ్మ కనిపిస్తే ఏం చేయాలి?

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుని మొదలుపెడతాను. ఊరికి ఎగువన వాగు మీద సుమారు ఎనిమిది మీటర్ల ఎత్తున్న మట్టికట్ట ఉంది. వరద ఊరి మీద పడకుండా నలభై అయిదేళ్ల క్రితం కట్టారు. ఏడాదిలో ఎక్కువ రోజులు లోపల నీళ్లే ఉండవు. పోయిన వర్షాలకు మాత్రం, మీకు తెలిసినంతలో మొదటిసారి, పైభాగానికి రెండు మీటర్ల కిందిదాకా నీరు చేరింది. అప్పుడే కట్ట బయటివైపు, అడుగునుంచి నీరు వదిలే పైపు బయటికొచ్చే చోటు పక్కన, నేల చెమ్మగిల్లింది. ఇప్పుడు కొందరు పైపు మూసేసి నీళ్లు నిలుపుకుందామంటున్నారు. ఇంకొందరు కట్టను మరో మీటరు ఎత్తు చేద్దామంటున్నారు. కట్ట మీద పెరిగిన చెట్లు మట్టిని పట్టి ఉంచుతాయి కాబట్టి మంచివేనని మీ అభిప్రాయం.

ముప్పై ఏళ్లకు పైగా ఇలాంటి చిన్న కట్టల మీదే పనిచేశాను. అందుకే జవాబు ముందే చెప్పేస్తున్నాను. పైపు మూయకండి. ఎత్తు పెంచే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. చెమ్మను మాత్రం అన్నిటికన్నా ముందు పట్టించుకోండి. చెట్ల గురించి తర్వాత రాస్తాను.

పైపు సంగతి చూద్దాం. వరద కట్ట ఖాళీగా కనిపిస్తే అది ఉపయోగం లేకుండా పడి ఉందని అందరికీ అనిపిస్తుంది. అసలు ఆ ఖాళీ జాగా కోసమే కట్ట కట్టారు. ఒక చిన్న లెక్క వేసి చూడండి. కట్టకు ఎగువన 3 చదరపు కిలోమీటర్ల నేల నీరు వాగులోకి వస్తుందనుకుందాం. ఒక భారీ వానకు నేలలో ఇంకింది పోగా 100 మిల్లీమీటర్ల నీరు పారిందనుకుంటే, మొత్తం 3 లక్షల ఘనపు మీటర్లు. కట్ట లేకపోతే అదంతా నాలుగు గంటల్లో ఊరి పక్కనుంచి పోవాలి. అంటే సెకనుకు సగటున 20 ఘనపు మీటర్ల పైనే, ఉధృతి వేళలో అంతకన్నా చాలా ఎక్కువ. కట్ట ఉంటే అదే నీరు వెనక ఆగి, పైపు గుండా సెకనుకు అర ఘనపు మీటరు చొప్పున దిగుతుంది. రోజుకు 43,200 ఘనపు మీటర్లు. ఏడు రోజుల్లో కట్ట మళ్లీ ఖాళీ, ఇంకో వానకు సిద్ధం. అమెరికాలో ఇలాంటి కట్టల డిజైన్‌లో, నిండిన వరద నీరు పది రోజుల్లోపు దిగిపోవాలన్నది ఒక ముఖ్యమైన కొలమానం. ఒక వాన వెనకే ఇంకో వాన రావచ్చు కాబట్టే ఆ గడువు పెట్టారు.

ఇప్పుడు పైపు మూసేసి మూడింట రెండొంతులు నీళ్లు నింపుకున్నారనుకోండి. మిగిలింది లక్ష ఘనపు మీటర్ల జాగా. అదే వాన వస్తే 2 లక్షల ఘనపు మీటర్లు అలుగు మీదుగా పోవాలి. ఆ అలుగును ఎప్పుడో అరుదుగా వచ్చే వరద కోసం గడ్డి పెంచి వదిలేసిన మట్టి కాలువగా కట్టి ఉంటారు. ఏటా పెద్ద నీరు దాని మీద పారితే కోసుకుపోతుంది.

ఇంకో సంగతి ఉంది, దీన్ని చాలామంది గమనించరు. వారం రోజులు నీటిని ఆపడానికి కట్టిన కట్టకూ, ఏడాదంతా నీటిని మోయడానికి కట్టిన కట్టకూ లోపలి నిర్మాణంలో తేడా ఉండొచ్చు. బంకమట్టిలో నీరు చాలా నెమ్మదిగా పాకుతుంది. వారం రోజుల వరదకు లోపలి వాలు కొంత నానుతుంది, అంతలో నీరు దిగిపోతుంది. నెలల తరబడి నిలబెడితే తడి కట్ట గర్భంలోంచి పాక్కుంటూ బయటి వాలు దాకా వస్తుంది. తడిసిన మట్టికి బలం తగ్గుతుంది, వాలు జారే అవకాశం పెరుగుతుంది. ఏడాదంతా నీళ్లుండే చెరువు కట్టకు ఆ తడిని పట్టి సురక్షితంగా బయటికి తీసుకెళ్లే ఇసుక పొరలు, కట్ట పాదం దగ్గర రాతి డ్రెయిన్ పెడతారు. మీ కట్టకు అవి ఉన్నాయో లేదో పాత డ్రాయింగులు చూడకుండా ఎవరూ చెప్పలేరు.

పైపును తీసేస్తే ఏమవుతుందో చెప్పే ఘటన ఒకటి ఎప్పుడూ నా మనసులో మెదులుతూ ఉంటుంది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని సౌత్ ఫోర్క్ ఆనకట్ట మట్టిదే. ఒక కాలువకు నీళ్లివ్వడానికి కట్టారు. తర్వాత చేతులు మారింది. ఒక యజమాని అడుగున ఉన్న ఇనుప పైపులు తీయించి అమ్మేశాడు. ఆ పైన అది ఒక విహార క్లబ్బు చేతికొచ్చింది. బండ్లు వెళ్లడానికి వీలుగా కట్ట పైభాగాన్ని తగ్గించారు. చేపలు పోకుండా అలుగు దగ్గర జాలీలు బిగించారు. 1889 మే 31న భారీ వానకు నీరు పెరుగుతుంటే కిందినుంచి వదలడానికి పైపు లేదు, అలుగు దగ్గర జాలీకి చెత్త పట్టేసింది, కట్ట మీదుగా నీరు పొర్లింది. దిగువన జాన్స్‌టౌన్‌లో 2,209 మంది చనిపోయారు. అది వరద కట్ట కాదు, మీ కట్టకన్నా చాలా పెద్దది కూడా. అయినా అక్కడ చేసిన ఒక్కో మార్పూ ఆ రోజు చూసినవాళ్లకు చిన్న సౌకర్యంగానే అనిపించి ఉంటుంది. మీ ఊళ్లో పైపు మూద్దామంటున్నవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇక చెమ్మ. మట్టికట్ట గురించి నాకు తెలిసినదాంట్లో ముఖ్యమైనది ఇక్కడే ఉంది, అందుకే కాస్త ఓపికగా చదవండి.

ఏడాదంతా నిండి ఉండే చెరువు కట్టకు రోజూ పరీక్షే. ఎక్కడ ఊరుతోందో, ఎంత ఊరుతోందో ఏళ్ల తరబడి చూసినవాళ్లకు తెలుస్తుంది. వరద కట్టకు ఆ అవకాశం లేదు. నలభై ఏళ్లు ఎండలో ఉండి, ఒక రాత్రి నిండిపోతుంది. ఆ నిండటం దానికి దాదాపు మొదటి నిండటమే. మట్టికట్టలు ప్రమాదంలో పడే సమయాల్లో మొదటిసారి నిండటం ఒకటి. కట్ట లోపల ఉన్న లోపం ఏదైనా అప్పుడే నీటికి దొరుకుతుంది. మీ కట్టకు 45 ఏళ్లొచ్చినా, మొన్న నీరు కొత్తగా చేరిన పై మట్టానికి నీటి ఒత్తిడి తెలిసింది ఆ వర్షాల్లోనే.

ఎండలో ఉండే కట్టకు పగుళ్లు పడతాయి. కట్ట పొడవునా పడే పగులు కన్నా కట్టకు అడ్డంగా, లోపలి వాలు నుంచి బయటి వాలు వైపు వెళ్లే పగులు చాలా ప్రమాదకరం. అది నీటికి దారి. పైన వెంట్రుకంత కనిపించి లోపల లోతుగా వెళ్లి ఉండొచ్చు. అమెరికాలోని అరిజోనా ఎడారి ప్రాంతంలో కట్టిన ఇలాంటి వరద కట్టల్లో అడ్డపగుళ్లు బయటపడ్డాయి. అక్కడ కొన్ని కట్టల మధ్యలో పైనుంచి కిందికి కందకం తవ్వి, ఇసుక గోడలాంటి ఫిల్టర్ నింపి బాగుచేశారు. మీరు ఎండ ముదిరినప్పుడు కట్ట పైభాగం మీద ఈ చివరినుంచి ఆ చివరికి నిదానంగా నడవండి. అడ్డపగులు కనిపిస్తే సన్నని తీగ దించి లోతు చూసి, చోటు గుర్తుపెట్టి, ఫొటో తీసి పెట్టుకోండి. పైన మట్టి చల్లి కప్పేయకండి. లోపలి దారి అలాగే ఉండిపోతుంది, కనిపించకుండా పోతుంది అంతే.

చెమ్మ దగ్గరికి వద్దాం. మట్టికట్ట అన్నాక కొంత ఊట సహజం, ఊట ఉన్నంతమాత్రాన టెన్షన్ పడక్కర్లేదు. చూడాల్సింది ఆ ఊట మట్టిని మోసుకొస్తోందా అన్నది. స్వచ్ఛంగా, ఒకే తీరుగా వచ్చే ఊటతో కట్ట ఏళ్ల తరబడి బతుకుతుంది. బురదగా వస్తే కట్ట లోపలి మట్టి బయటికి పోతోందని అర్థం. బయటివైపు మొదలైన రంధ్రం లోపలికి, నీటివైపు, పాక్కుంటూ పోతుంది. దాన్నే బుంగ పడటం అంటాం. బుంగ నీటిని చేరిన క్షణం నుంచి గంటలే మిగులుతాయి. 1976 జూన్ 5న అమెరికాలోని ఐడహోలో టీటన్ ఆనకట్ట దగ్గర ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య బురద ఊటలు కంటపడ్డాయి. మధ్యాహ్నం పన్నెండు కాకముందే ఆనకట్ట తెగింది. అది 93 మీటర్ల ఎత్తున్న కట్ట, మొదటిసారి నిండుతున్నప్పుడే పోయింది, 11 మంది చనిపోయారు. చిన్న కట్టలో ఆ దారి ఇంకా పొట్టిది.

మీరు చేయగలిగిన పరీక్ష సులువు. ఊట నీటిని తెల్లని గాజు సీసాలో పట్టి, కదపకుండా ఒక రాత్రి ఉంచండి. పొద్దున అడుగున మట్టి పేరుకుంటే అది ప్రమాద సూచనే. ఊట పారేటంతగా ఉంటే చిన్న మట్టి గట్టు వేసి ఒక గొట్టం గుండా మళ్లించి, బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పడుతోందో రాసుకోండి. పక్కనే ఆ రోజు కట్ట లోపల నీటిమట్టం ఎంతో రాయండి. ఈ రెండూ కలిపి చూస్తేనే ఉపయోగం. నీటిమట్టం అలాగే ఉండి ఊట పెరిగితే లోపల ఏదో మారుతోందని అర్థం. అందుకే లోపలివైపు ఒక కొలత స్తంభం పాతించి అర మీటరుకో గీత గీయించండి. ఏ కట్టకు వెళ్లినా నేను మొదట అడిగేది ఇదే.

మీ చెమ్మ పైపు పక్కన రావడమే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. మట్టికట్టలో పైపు వెళ్లే చోటు అన్నిటికన్నా బలహీనం. గుండ్రని పైపు అడుగు చెంపల కిందికి రోలర్ పోదు, దిమ్మిస సరిగ్గా పడదు. అక్కడ మట్టి గుల్లగా మిగులుతుంది. పాతకాలంలో నీరు పైపు వెంట పాకకుండా పైపు చుట్టూ కాంక్రీటు పట్టీలు కట్టేవాళ్లు. ఆ పట్టీల మూలల్లో మట్టి కుదించడం ఇంకా కష్టమయ్యేది. వాటి వల్ల మేలు తక్కువని తేలి, 1980ల నుంచి వాటి బదులు పైపు చుట్టూ, బయటి చివరకు దగ్గరగా, ఇసుకతో ఒక ఫిల్టర్ దడి కట్టడం మొదలైంది. మీ కట్ట వయసు చూస్తే పాత పద్ధతి పట్టీలే ఉండొచ్చని నా ఊహ.

పైపు అతుకులు కూడా చూడాలి. అమెరికాలోని కొలరాడోలో రాకీ పర్వతాల మీద లాన్ లేక్ అనే చిన్న మట్టి ఆనకట్ట ఉండేది. ఎత్తు సుమారు 8 మీటర్లే, మీదానంత. 1903లో కట్టారు. పైపుకూ వాల్వుకూ మధ్య అతుకులో నింపిన సీసం పాడైపోయి, అక్కణ్ణుంచి కారిన నీరు మట్టిని కొంచెంకొంచెంగా తినేసింది. 1982 జూలై 15 తెల్లవారుజామున కట్ట తెగి ముగ్గురు చనిపోయారు. పైనుంచి చూసినవాళ్లకు ఆ అతుకు కనిపించదు కదా. అందుకే మీ పైపు లోపలికి కెమెరా పంపించి చూడాలి. తుప్పు, అతుకులు విడిపోవడం, లోపలికి మట్టి జారి ఉండటం ఏది కనిపించినా రికార్డు చేయించండి. మనుషులను మాత్రం పంపకండి. మూసుకుపోయిన పైపులో ఊపిరాడక చనిపోయే ప్రమాదం నిజంగా ఉంది.

నా ఉద్యోగం తొలి ఏళ్లలో జరిగినది చెప్పాలి. వర్షాకాలంలో ఒక కట్ట పాదం దగ్గర నేలలోంచి నీరు బుడబుడమని పొంగుతోంది, చుట్టూ సన్నని మట్టి చిన్న పుట్టలా పేరుకుంటోంది. నేను వెళ్లేసరికి మనుషులు బంకమట్టి బస్తాలు దాని మీద వేసి తొక్కుతున్నారు. నాకూ అదే సరైనదనిపించింది. అరగంటలో రెండు మీటర్ల అవతల ఇంకోచోట పొంగింది, ఈసారి ఇంకా బురదగా. మా పైఅధికారి వచ్చి బస్తాలన్నీ తీయించారు. ముందు ముతక ఇసుక, దాని మీద చిన్న కంకర, దాని మీద రాళ్లు పరిపించారు. నీరు ఆగలేదు, ఆగాలని ఆయన కోరుకోలేదు కూడా. గంట తిరిగేసరికి తేటనీరు రావడం మొదలైంది. ఆ రాత్రంతా మేం ఒక్కొక్కరం లాంతరు పట్టుకుని దాని పక్కనే కూర్చున్నాం. నీటిని ఆపబోతే అది ఇంకో దారి వెతుక్కుంటుందని, మట్టిని మాత్రమే ఆపి నీటిని పోనివ్వాలని నాకు ఆ రోజు అర్థమైంది.

ఫిల్టర్ సూత్రమూ అదే. ఇసుక రేణువుల మధ్య సందులు కట్ట మట్టిని ఆపేంత సన్నగా, నీటిని వదిలేంత వెడల్పుగా ఉండాలి. మట్టి ఇంజనీరింగ్‌కు ఆద్యుడైన కార్ల్ టెర్జాగీ దీనికి రేణువుల పరిమాణాల నిష్పత్తితో ఒక లెక్క ఇచ్చారు, ఇప్పటి లెక్కలన్నీ దాని మీద పెరిగినవే. అందుకే దొరికిన ఇసుక ఏదైనా పోస్తే సరిపోదు. అత్యవసరంలో మాత్రం ముతక ఇసుక, కంకర, రాయి ఆ వరసలో వేయడం ఎప్పుడూ బంకమట్టి వేయడం కన్నా మేలు. ఇంకో ఉపాయం, పొంగే చోటు చుట్టూ ఇసుక బస్తాలతో బావి గట్టులా కట్టి లోపల నీటిమట్టం కొంత పెరగనివ్వడం. ఆ నీటి బరువుకు పొంగు నెమ్మదిస్తుంది. మట్టి రావడం ఆగేంతవరకే ఎత్తు పెంచాలి.

మీ కట్ట మట్టి ఎలాంటిదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కట్టలోంచి శనగగింజంత మట్టి పెళ్ల తీసి, బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్ ఉన్న గ్లాసులో నెమ్మదిగా వదలండి, కలపకండి. పెళ్ల విడిపోయి కుప్పగా కూలితే భయం లేదు, చాలా మట్టి అలాగే చేస్తుంది. పెళ్ల చుట్టూ పాలలా మబ్బు లేచి నీళ్లంతా అల్లుకుపోతే అది నీటిలో తనంతట తానే చెదిరిపోయే రకం బంకమట్టి. సోడియం ఎక్కువగా ఉన్న కొన్ని బంకమట్లు అలా చేస్తాయి. చిన్న పగులు చాలు, నీరు నిదానంగా కదిలినా ఆ మట్టిని మోసుకుపోతుంది. అమెరికాలో ఓక్లహోమా, మిసిసిపీ రాష్ట్రాల్లో ఇలాంటి చిన్న వరద కట్టలు కొన్ని మొదటి నింపుడులోనే బుంగలు పడి పాడైనప్పుడు, 1970లలో ఆనకట్టల ఇంజనీరు జేమ్స్ షెరార్డ్, ఆయన సహచరులు చేసిన పరిశోధన ఈ మట్టి ప్రమాదాన్ని ఇంజనీర్లకు స్పష్టంగా చూపించింది. కట్టమీద వాన నీటికే లోతైన గుంతలు, సొరంగాలు పడుతున్నాయంటే ఆ మట్టి మీద అనుమానం ఉంచుకోండి. ఇంట్లో చేసేది తొలి సూచనే. మబ్బు లేచినా లేవకపోయినా అసలు పరీక్ష ల్యాబ్‌లో చేయించాలి.

ఎత్తు పెంచడం గురించి. కట్టలు పోయే దారులు ప్రధానంగా రెండు. ప్రపంచంలో పెద్ద మట్టి ఆనకట్టల వైఫల్యాలను లెక్కించినప్పుడు, దాదాపు సగం నీరు పైనుంచి పొర్లడం వల్ల, దాదాపు ఇంకో సగం కట్ట లోపలో పునాదిలో బుంగ పడటం వల్ల జరిగాయి. వాలు జారి పోయినవి కొద్ది శాతమే. పొర్లడానికి భయపడి ఎత్తు పెంచుదామనుకోవడం సహజం. కానీ పైన మీటరు మట్టి వేస్తే అడుగు వెడల్పు కూడా పెరగాలి. బయటి వాలు ఎత్తుకు రెండున్నర రెట్లు ఉంటే, ఒక మీటరు ఎత్తుకు పాదం ఒక్కవైపే రెండున్నర మీటర్లు బయటికి జరగాలి. అలా జరిపితే పైపు పొడవు చాలదు. పాదం జరపకుండా పైన మాత్రం కుప్ప పోస్తే వాలు నిటారుగా మారి జారుతుంది. పాత మట్టికీ కొత్త మట్టికీ మధ్య అతుకు సరిగ్గా కలవకపోతే అదే ఊటకు దారి. వీటన్నిటికీ మించి, ఎత్తు పెరిగిన కట్ట వెనక ఎక్కువ నీరు చేరుతుంది. ఇప్పటికే పైపు పక్కన ఊరుతున్న కట్ట మీద ఇంకా ఒత్తిడి పెట్టినట్టవుతుంది.

మీరు ముందు అలుగు చూడండి. ఎన్నో ఊళ్లలో అలుగు అంచున ఒక మట్టి గట్టు వేసి ఇంకొంచెం నీరు నిలుపుకుంటారు, లేదా అలుగు కాలువలో కంచె వేస్తారు, పశువుల కొట్టం కడతారు, కంపచెట్లు పెరిగిపోతాయి. అలుగు తెరిచి ఉంటే మీ కట్టకు ఎత్తు సరిపోయే అవకాశమే ఎక్కువ. తర్వాత పైభాగం మట్టం కొలిపించండి. ఏళ్ల మీద కట్ట కుంగుతుంది. కుంగుతుందనే మొదట కట్టినప్పుడే మధ్యలో కొంచెం ఎత్తు ఎక్కువ పోస్తారు. బండ్లు, పశువులు ఎక్కి దిగే చోట ఇంకా అరుగుతుంది. 30 సెంటీమీటర్ల పల్లం ఒక్కచోట ఉన్నా పొర్లే నీరంతా అక్కడే చేరి కోస్తుంది. మిగతా కట్ట ఎంత ఎత్తున్నా అప్పుడు లాభం లేదు. ఇంజనీరు రాకముందే కొలవాలంటే పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి తాపీమేస్త్రీలు మట్టం చూసే పద్ధతి సరిపోతుంది. పల్లాలు పూడ్చడం ఎత్తు పెంచడం కాదు, అది చేయించవచ్చు.

పూడ్చేటప్పుడు మట్టిలో తేమ ముఖ్యం. 1933లో రాల్ఫ్ ప్రాక్టర్ అనే అమెరికా ఇంజనీరు చూపించింది ఇదే. ప్రతి మట్టికీ ఒక తేమ శాతం దగ్గరే అత్యంత గట్టిగా కుదింపు వస్తుంది. పొడి మట్టిని ఎంత తొక్కినా లోపల సందులు మిగిలి, తడవగానే కుంగిపోతుంది. బురదను తొక్కితే పక్కకు జరుగుతుంది. గుప్పిట పట్టి పిసికితే ఉండ కట్టాలి, వేలితో నొక్కితే నాలుగు ముక్కలుగా విరగాలి, చేతికి తడి అంటకూడదు. ఒక్కో పొర 15 నుంచి 20 సెంటీమీటర్లు మించకుండా పోసి, రోలర్ తిప్పి, పైన గీరి, తర్వాతి పొర వేయాలి. లారీ మట్టి ఒక్కసారిగా కుమ్మరించి పైన నాలుగు చుట్లు తిప్పితే అది కట్టలో భాగం కాదు.

చెట్ల విషయంలో మీ అభిప్రాయం మార్చుకోమని అడుగుతున్నాను. మట్టిని పట్టి ఉంచేది గడ్డి. దట్టమైన పొట్టి గడ్డి పై పొరను అల్లుకుంటుంది, పగులు గానీ ఊట గానీ వస్తే దాచిపెట్టదు. చెట్టు వేరు లోతుగా పోతుంది. చెట్టు చచ్చాక వేరు కుళ్లి మట్టిలో గొట్టం మిగులుతుంది. గాలివానకు కూలితే వేళ్లతో పాటు కట్టలో పెద్ద గొయ్యి లేస్తుంది, అది జరిగేది కట్ట నిండే రాత్రే. నీడ కింద గడ్డి పెరగదు, పొదల కింద బొరియలు తవ్వే జంతువులు చేరతాయి. లేత మొక్కలను ఇప్పుడే వేళ్లతో తీసేయండి. పెద్ద చెట్లను మాత్రం తొందరపడి పెకలించవద్దు. కాండం కొట్టి మొద్దు వదిలేసినా, ఎడాపెడా పీకినా నష్టమే. కట్ట ఖాళీగా ఉన్న కాలంలో, ఇంజనీరు సమక్షంలో, వేళ్లు తవ్వి తీసి ఆ గొయ్యిని పొరలు పొరలుగా కుదించి నింపాలి. పాదం నుంచి ఏడెనిమిది మీటర్ల దూరం దాకా చెట్లు లేకుండా చూసుకోండి. బొరియలకూ అంతే, నోరు మూస్తే చాలదు, తవ్వి చివరిదాకా నింపాలి.

కట్ట వయసు గురించి కూడా ఒక మాట. ఇలాంటి గ్రామీణ వరద కట్టలను అమెరికాలో పెద్ద ఎత్తున కట్టారు. 1948లో ఓక్లహోమాలోని క్లౌడ్ క్రీక్ మీద మొదటిది పూర్తయింది. 1954లో చట్టం వచ్చాక దేశమంతా విస్తరించి మొత్తం 11,800కు పైగా అయ్యాయి. ఎక్కువ కట్టలకు 50 ఏళ్ల ఆయుష్షు లెక్కగట్టారు. ఆ గడువు దగ్గరపడటంతో బాగుచేతల కోసం 2000లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. యాభై ఏళ్లు నిండగానే కట్ట కూలదు. పైపు తుప్పు పడుతుంది, పూడిక నిండి వరద జాగా తగ్గుతుంది, కట్ట కింద ఊరు పెరుగుతుంది. ఈ మూడోది అందరూ మరిచిపోతారు. పొలాలకు కాపలాగా కట్టిన కట్ట కింద నేడు ఇళ్లు, బడి ఉంటే, కట్ట మారకపోయినా దాని ప్రమాద స్థాయి మారిపోయింది. డిజైన్ వరద, అంటే కట్ట తట్టుకోవాలని లెక్కగట్టే వరద, కూడా మళ్లీ లెక్కించాలి.

చిన్న కట్టే కదా అని ఎవరైనా అంటే ఇది చెప్పండి. ఎనిమిది మీటర్ల లోతున 3 లక్షల ఘనపు మీటర్ల నీరున్న కట్ట తెగితే, గండి వరదకు వాడే సూత్రాల ప్రకారం సెకనుకు 300 ఘనపు మీటర్ల దాకా రావచ్చు. అంచనాయే, అయినా మీ వాగు మామూలు వరదకు ఎన్నో రెట్లు. 1977 నవంబర్ 6న, రాత్రి ఒంటిగంటన్నరకు, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కెల్లీ బార్న్స్ అనే మట్టి ఆనకట్ట తెగింది. ఎత్తు పన్నెండు మీటర్లు కూడా లేదు. దిగువన కాలేజీ ఆవరణలో నిద్రపోతున్నవాళ్లతో కలిపి 39 మంది చనిపోయారు. నాలుగేళ్ల ముందు తీసిన ఫొటోలోనే బయటి వాలు జారిన గుర్తు కనిపించింది. ఫొటో ఉంది, దాన్ని చూసి ఏదైనా చేసినవాళ్లు లేరు.

కాబట్టి ఈ నెలలోనే చేయాల్సినవి. మీ ప్రాంతంలో ఆనకట్టల భద్రత చూసే అధికారులకు చెమ్మ సంగతి రాతపూర్వకంగా, ఫొటోలూ తేదీలతో తెలియజేయండి, పాత డ్రాయింగులు అడగండి. పైపు ముందున్న జాలీ దగ్గర చేరిన చెత్త తీయించండి. అలుగు ఖాళీ చేయించండి. వరద వేళ నీరు సగానికి పైన ఉన్నంతకాలం పగలూ రాత్రీ ఇద్దరేసి మనుషులు కట్ట పాదం వెంట నడిచేలా వంతులు వేసుకోండి. ఒక్కరిని పంపకండి. కొత్త ఊట, బురద నీరు, వాలు మీద కుంగుడు, లోపల నీటి మీద సుడి, వీటిలో ఏది కనిపించినా ముందు దిగువ ఇళ్లు ఖాళీ చేయించాలి, మరమ్మతు తర్వాత. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, కరెంటు పోతే ఎలా చెప్పాలి, నడవలేనివాళ్లను ఎవరు తీసుకెళ్లాలి అన్నది ఇప్పుడే కాగితం మీద పెట్టండి. కంగారులో కట్టను పక్కన తవ్వి నీరు వదలాలని ఎవరూ పలుగు ఎత్తకుండా చూడండి, ఆ కోత ఎవరి చేతా ఆగదు. ప్రమాదం లేని వేళ నీటిమట్టం దింపాల్సి వస్తే రోజుకు సుమారు 30 సెంటీమీటర్లకు మించకుండా దింపండి. ఒక్కసారిగా దింపితే తడిసిన లోపలి వాలు జారుతుంది.

పైపు పక్కన చెమ్మ నీరు దిగాక ఎన్ని రోజులకు ఆరిందో మీరు రాయలేదు. అక్కడ ఇప్పటికీ పచ్చగడ్డి ఉందా, అడుగు పెడితే నేల మెత్తగా దిగుతోందా, పైపు బయటి చివర కింద గొయ్యి ఏమైనా పడిందా చూసి చెప్పండి. పైపు కాంక్రీటుదా ఇనుముదా, ఎంత వ్యాసం ఉందో కూడా కొలిచి రాయండి. అవి తెలిస్తే కెమెరా పరిశీలనలో ఏం వెతకమని అడగాలో మీకు రాసిస్తాను.